అడిగితే అబద్ధం చెబుతారన్నది అబద్ధం

విశాఖపట్నంలో కార్మికుల ఆరోగ్యం మీద ఎవరైనా పరిశోధనకు పూనుకుంటే మొట్టమొదట ఎదురయ్యే మాట ఒకటుంది. "కార్మికులను అడిగి ఏం తేలుస్తారు? నష్టపరిహారం వస్తుందంటే లేని రోగం ఉందంటారు. చదువులేనివాళ్లు, నిన్న తిన్నదే గుర్తుండదు, పదేళ్ల కిందటి సంగతి ఏం చెబుతారు? ఆసుపత్రి రికార్డులున్నాయి, మెడికల్ ఫైళ్లున్నాయి, అవి చూసుకోండి." ఈ మాట యాజమాన్యాలు అనడంలో ఆశ్చర్యమేమీ లేదు. కానీ చదువుకున్న డాక్టర్లు అంటారు, ప్రభుత్వాధికారులు అంటారు, విశ్వవిద్యాలయాల్లో పరిశోధన చేయించే పెద్దలు అంటారు. ఆఖరికి కార్మికుల పక్షాన మాట్లాడేవాళ్లు కూడా "సర్వేలతో ఏమవుతుంది, లేబొరేటరీ రిపోర్టు కావాలి" అని సర్దుకుపోతున్నారు. పదిమంది నోట పడి ఇది నిజంగా చెలామణి అయిపోయింది.

ఇది తప్పు. శాస్త్రం ప్రకారం తప్పు, చరిత్ర ప్రకారం తప్పు, ఈ ఊళ్లో మన కళ్ల ముందు జరిగినదాని ప్రకారం కూడా తప్పు. కార్మికుణ్ణి పద్ధతిగా అడిగి రాసుకున్న సమాచారం వైద్య పరిశోధనకు మొదటి ఆధారం. అది లేకుండా పోగుచేసిన రికార్డుల గుట్ట ఎంత ఎత్తున్నా సగం నిజమే చెబుతుంది.

ముందు ఊరి సంగతి చూద్దాం. 1933లో ఓడరేవు తెరుచుకున్న నాటి నుంచి విశాఖ ఒంటి కష్టం మీద ఎదిగింది. రేవులో బొగ్గు, ఇనుప ఖనిజం, మాంగనీసు దిగుమతి, ఎగుమతులు. గాంధీగ్రామంలో ఓడల తయారీ. మల్కాపురంలో 1957 నుంచి చమురు శుద్ధి. 1966 ఉద్యమంలో 32 మంది ప్రాణాలర్పించాక వచ్చి, 1992లో జాతికి అంకితమైన ఉక్కు కర్మాగారం. పరవాడలో ఫార్మా కంపెనీలు, అచ్యుతాపురంలో సెజ్. ఈ పరిశ్రమల ప్రమాదాల తేదీలు మనకు కంఠస్థం. 1997 సెప్టెంబర్ 14న రిఫైనరీలో గ్యాస్ పేలుడు. 2012 జూన్ 13న ఉక్కు కర్మాగారంలో ఆక్సిజన్ పేలుడు. 2020 మే 7న ఆర్ఆర్ వెంకటాపురంలో స్టైరీన్ లీకై 12 మంది మృతి. అదే ఏడాది ఆగస్టు 1న షిప్‌యార్డులో క్రేన్ కూలి 11 మంది. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురంలో 17 మంది. శవం లేచిన రోజే లెక్క తేలుతుంది, పరిహారం ప్రకటిస్తారు, కమిటీ వేస్తారు.

కానీ కోక్ ఓవెన్ బ్యాటరీల మీద పాతికేళ్లు పనిచేసి, దిగిపోయిన తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో పోయినవాడి చావును ఎవరు లెక్కగట్టారు? కోక్ ఓవెన్ల పొగ క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. అయినా ఆ మనిషి మరణ ధ్రువపత్రంలో జబ్బు పేరు ఉంటుంది తప్ప అతను చేసిన పని పేరు ఉండదు. రేవులో ఖనిజం ధూళి మధ్య పనిచేసి నలభై ఐదేళ్లకే మెట్లెక్కలేకపోతున్నవాడు ఏ కమిటీ నివేదికలోనూ కనబడడు. వీళ్ల గురించి తెలుసుకోవాలంటే వీళ్లనే అడగాలి, వీళ్లు పోతే ఇంట్లోవాళ్లను అడగాలి. ఇంకో దారి లేదు.

"రికార్డులున్నాయి కదా" అనేవాళ్లకు మొదటి జవాబు: ఆ రికార్డు ఎలా పుడుతుందో చూడండి. వృత్తి వల్ల వచ్చే జబ్బుల పట్టిక ఒకటి 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉండేది. సీసం, మాంగనీసు విషం, సిలికోసిస్, చప్పుడు వల్ల వచ్చే చెవుడు వంటివి అందులో ఉండేవి. వాటిలో ఏదైనా తన రోగికి ఉందని తెలిస్తే వైద్యుడు చీఫ్ ఇన్‌స్పెక్టర్‌కు రాయాలని 89వ సెక్షన్ శాసించింది. ఆ చట్టం స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్‌లో కూడా ఆ పట్టిక, ఆ బాధ్యత ఉన్నాయి. కాగితం మీద బాగానే ఉంది. అది జరగాలంటే మాత్రం కార్మికుడు డాక్టరు దగ్గరకు వెళ్లాలి, డాక్టరు అతని పనేమిటో అడగాలి, ఆ పనికీ ఈ జబ్బుకూ సంబంధం ఉందని ఆయనకు తెలియాలి, సరైన పరీక్ష చేయించాలి, పట్టికలో ఆ జబ్బు ఉండాలి, చివరికి రాసి పంపే ధైర్యం ఉండాలి. ఇన్ని మెట్లలో ఏ ఒక్కటి తప్పినా రిజిస్టర్‌లో సున్నా పడుతుంది. నడుం నొప్పి ఆ పట్టికలో లేనే లేదు. రాత్రి షిఫ్టుల వల్ల పోయిన నిద్ర లేదు. ఫర్నేస్ దగ్గర కళ్లు తిరిగి పక్కకు వచ్చి కూర్చుని, నీళ్లు తాగి, మళ్లీ పనిలోకి వెళ్లినవాడి సంగతి ఏ కాగితం మీదా లేదు.

కాంట్రాక్టు కార్మికుడు జ్వరమొచ్చినా దగ్గొచ్చినా వెళ్లేది గాజువాక సందులోని ఆర్ఎంపీ దగ్గరకు, లేదంటే మందుల షాపుకు. అక్కడ రాసిచ్చే చీటీలో మాత్ర పేరుంటుంది. రోగిని "నీ పనేమిటి?" అని అడిగి తీరాలని ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే తన పుస్తకంలో రాశాడు. మూడు వందల ఏళ్లు దాటాయి. ఆ ప్రశ్న మన ఓపీ చీటీల మీద ఇంకా అచ్చవలేదు. అడగని ప్రశ్నకు జవాబు రికార్డులో లేదు కాబట్టి జబ్బే లేదనడం ఏ రకం శాస్త్రం?

రెండో సంగతి ఇంకా పెద్దది. రికార్డులో ఉండేది పనిలో మిగిలినవాళ్లు. ఆయాసం వచ్చినవాడు పని మానేస్తాడు, లేదా తేలిక పనికి మారతాడు, లేదా ఊరెళ్లిపోతాడు. కాంట్రాక్టు మారిన ప్రతిసారీ కొత్త కాంట్రాక్టరు పుస్తకంలో పాత మనిషే కొత్తగా చేరినట్టు ఉంటుంది, వెనకటి పదేళ్ల ధూళికి లెక్క ఉండదు. అందుకే గేటు లోపల ఉన్నవాళ్లను మాత్రమే పరీక్షిస్తే ఫ్యాక్టరీ కార్మికులు ఊళ్లోవాళ్లకన్నా ఆరోగ్యంగా ఉన్నట్టు కనిపిస్తారు. విలియం ఓగిల్ ఇంగ్లండులో వృత్తులవారీ మరణాలను లెక్కగడుతూ 1885లోనే ఈ మోసాన్ని గుర్తించాడు. కష్టమైన పనికి గట్టివాళ్లే చేరతారు, బలహీనపడ్డవాళ్లు బయటికి పోతారు, కాబట్టి లోపలి లెక్క ఎప్పుడూ బాగానే కనిపిస్తుందని చెప్పాడు. తర్వాత శాస్త్రవేత్తలు దీన్నే ఆరోగ్యవంతుడైన కార్మికుడి ప్రభావం అన్నారు. దీనికి విరుగుడు ఒక్కటే: గేటు దాటి బయటికొచ్చి, పని మానేసినవాళ్లను వెతికి పట్టుకుని అడగడం. పెదగంట్యాడలో, కూర్మన్నపాలెంలో, నిర్వాసిత కాలనీల్లో, శ్రీకాకుళం జిల్లా పల్లెల్లో. ఆ పని ఏ ఆసుపత్రి ఫైలూ చేయదు.

యంత్రం చూపించేదే నిజం, మనిషి చెప్పేది అభిప్రాయం అని నమ్మేవాళ్లు వెంకటాపురం ట్యాంకు సంగతి ఒకసారి తలుచుకోవాలి. స్టైరీన్ నిల్వ ఉన్న ఆ ఎమ్6 ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగు భాగాన మాత్రమే ఉందని, మధ్యలో, పైభాగంలో కొలిచే సాధనమే లేదని రాష్ట్ర ప్రభుత్వం నియమించిన హైపవర్ కమిటీ 2020లో తేల్చింది. లాక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఆగి ఉంది. అడుగున చల్లగానే ఉంది, పుస్తకంలో ఆ అంకె పడింది. పైన రసాయనం మరిగిపోయింది. అంకె అబద్ధం కాదు, అది కొలిచిన చోటు తప్పు. మన వృత్తి ఆరోగ్య రికార్డుల పరిస్థితి కూడా అచ్చంగా ఇదే. పర్మనెంటు ఉద్యోగి, పనిలో ఉన్నవాడు, పరీక్షకు పిలిస్తే వచ్చినవాడు, వీళ్ల దగ్గరే కొలుస్తున్నాం. వేడి పుట్టేచోట కొలిచే సాధనం లేదు.

అదే రాత్రి గురించి ఇంకో మాట. "సైరన్ మోగలేదు" అని ఆ ఊరివాళ్లు మొదటి గంట నుంచి చెప్పారు. నిద్రలో లేచి, కళ్లు మండుతూ, పిల్లలను ఎత్తుకుని పరుగెత్తినవాళ్లు చెప్పిన మాట అది. ఉలికిపాటులో విననేలేదేమో అని తోసిపారేయడానికి అన్ని వీలులూ ఉన్న మాట. సైరన్ మోగించే ఏర్పాటు ఉండి కూడా ఎవరూ మోగించలేదని కమిటీ చివరికి నిర్ధారించింది. నిపుణులు శోధించి తేల్చినదీ, ఆ తెల్లవారే ఊరు చెప్పినదీ ఒకటే.

ఇక "నష్టపరిహారం కోసం అబద్ధాలు చెబుతారు" అన్న నింద. ఈ నింద వేసేవాళ్లు కార్మికుడి స్థానంలో ఒక్క పూట నిలబడి ఆలోచించాలి. ఒక కాంట్రాక్టు కార్మికుడు తనకు జబ్బుందని చెబితే వచ్చేదేమిటి, పోయేదేమిటి? వృత్తి వ్యాధికి పరిహారం రావాలంటే ఏళ్ల తరబడి తిరగాలి, రుజువులు తేవాలి, తాను ఎక్కడ ఎన్నేళ్లు చేశాడో చూపించాలి. ఆ కాగితాలు అతని దగ్గర ఉండవు. పోయేది మాత్రం వెంటనే పోతుంది. బీపీ ఎక్కువుందంటే ఎత్తు మీద పనికి పాస్ ఇవ్వరు. ఫిట్‌నెస్ రాకపోతే గేట్ పాస్ లేదు. గేట్ పాస్ లేకపోతే ఆ రోజు కూలి లేదు. దగ్గు ఉందని తెలిస్తే మేస్త్రీ ఇంకొకణ్ణి తెచ్చుకుంటాడు. ఉక్కు కర్మాగారం ప్రైవేటీకరణ నిర్ణయం వెలువడిన 2021 జనవరి నుంచి ఎప్పుడు ఎవరి పని పోతుందో తెలియని ఊళ్లో, కాంట్రాక్టు కార్మికుల తొలగింపులు కళ్లారా చూసిన ఊళ్లో, జబ్బు లేనివాడు ఉందని చెప్పుకుంటాడా? ఉన్నవాడు లేదని దాచుకుంటాడు. పరిశోధకుడు భయపడాల్సింది అతిశయోక్తికి కాదు, మౌనానికి.

ఆ మౌనం ఎలా తయారవుతుందో దగ్గరగా చూడండి. ఫ్యాక్టరీ లోపల సేఫ్టీ విభాగం గది. బల్ల అవతల తెల్ల చొక్కా వేసుకున్న పరిశోధక విద్యార్థి, చేతిలో ఇంగ్లిషు ప్రశ్నావళి. తలుపు దగ్గర కాంట్రాక్టరు మనిషి, బయట వరసలో ఇరవైమంది. షిఫ్టు దిగే వేళ, బస్సు పోతుందన్న తొందర. "ఎనీ రెస్పిరేటరీ ప్రాబ్లం ఉందా?" అని అడుగుతారు. "ఏటీ లేదు బాబూ, బాగానే ఉన్నాను" అంటాడు. "లేదు" గడిలో టిక్కు పడుతుంది. మనిషికి మూడు నిమిషాలు. గంటలో అందరిదీ అయిపోతుంది, అందరూ ఆరోగ్యవంతులే.

అదే మనిషి ఇంటికి ఆదివారం పూట, ముందుగా చెప్పి, ఒక పరిశోధకురాలు వెళ్లిందనుకోండి. అరుగు మీద కూర్చుని, మీ పేరు రాసుకోను, చెప్పడం ఇష్టం లేకపోతే మానేయవచ్చు అని తెలుగులో వివరించింది. "పొద్దున లేవగానే దగ్గు వస్తుందా? కళ్లె పడుతుందా? ఏ రంగులో?" అని అడిగింది. అతను కాస్త ఆలోచించి, నల్లగా పడుతుందని, సెలవు మీద ఊరెళ్తే తగ్గుతుందని చెప్పాడు. లోపల్నుంచి భార్య, "రాత్రిళ్లు దగ్గుకి లేచి కూకుంటాడమ్మా, పడుకోడు" అంది. మనిషి మారలేదు, జబ్బు మారలేదు. అడిగిన చోటు మారింది, అడిగిన తీరు మారింది. మొదటి జవాబు అబద్ధమైతే ఆ అబద్ధం ఆ గది చెప్పించింది. దానికి కార్మికుణ్ణి తప్పుపట్టి, ఆ పద్ధతిని మాత్రం అలాగే కొనసాగించడం అన్యాయం.

సెలవులో తగ్గుతుంది, పనిలోకి వస్తే పెరుగుతుంది అన్న ఆ ఒక్క మాట విలువ తెలిసిన డాక్టరుకు తెలుసు. పని వల్ల వచ్చే ఉబ్బసాన్ని అనుమానించడానికి వైద్యపుస్తకాలు చెప్పే తొలి గుర్తు అదే. దాన్ని ఏ ఎక్స్‌రే చూపించదు. అడిగితేనే తెలుస్తుంది.

"లక్షణాలు చెప్పడం శాస్త్రం ఎలా అవుతుంది?" అని అడిగేవాళ్లు శాస్త్రం చరిత్ర చదవలేదనుకోవాలి. బ్రిటన్ వైద్య పరిశోధన మండలి 1960లో శ్వాస లక్షణాల ప్రశ్నావళిని ప్రచురించింది. చలికాలంలో ఉదయం లేవగానే దగ్గుతారా, ఏడాదిలో మూడు నెలలపాటు చాలా రోజులు కళ్లె పడుతుందా, సమతలం మీద తోటివయసువాళ్లతో కలిసి నడిస్తే వెనకబడుతున్నారా. ఇంత మామూలు ప్రశ్నలతోనే ప్రపంచమంతటా దీర్ఘకాలిక బ్రాంకైటిస్‌ను నిర్వచించారు. వరుసగా రెండేళ్లు, ఏటా మూడు నెలలు కళ్లెతో కూడిన దగ్గు ఉంటే ఆ జబ్బు ఉన్నట్టే. అంటే ఆ జబ్బు నిర్వచనమే రోగి చెప్పే మాట మీద నిలబడింది. కండరాలు, కీళ్ల నొప్పులకు ఉత్తర ఐరోపా దేశాల పరిశోధకులు 1987లో ఒక ప్రశ్నావళి ఇచ్చారు. మనిషి బొమ్మ గీసి, మెడ, భుజం, నడుము, మోకాలు చూపించి, గత ఏడాదిలో ఎక్కడ నొప్పి వచ్చింది, దాని వల్ల పని మానుకున్నారా అని అడగడమే. చదువు రానివాడు కూడా బొమ్మ మీద వేలు పెట్టి చూపించగలడు. రేవులో బస్తాలు మోసినవాడికి, వెల్డింగ్ చేస్తూ గంటల తరబడి వంగి ఉండేవాడికి ఇంతకన్నా నిక్కచ్చి కొలత ఏముంది? నొప్పిని కొలిచే యంత్రం ఇంతవరకూ పుట్టలేదు.

మొత్తం ఆరోగ్యం గురించి అడిగే ఒక్క ప్రశ్న సంగతి కూడా చెప్పాలి. "మీ ఆరోగ్యం ఎలా ఉందనుకుంటున్నారు?" ఎలెన్ ఐడ్లర్, యాయెల్ బెన్యమినీ అనే పరిశోధకులు 1997లో 27 అధ్యయనాలను కలిపి పరిశీలించారు. బాగాలేదని చెప్పినవాళ్లలో తర్వాతి కాలంలో మరణాలు ఎక్కువని, డాక్టర్లకు తెలిసిన జబ్బులు, ఇతర కారణాలు అన్నీ తీసేసి చూసినా చాలా అధ్యయనాల్లో ఆ తేడా నిలిచిందని తేల్చారు. తన ఒంటి సంగతి మనిషికి తెలుసు. పరీక్షలకు దొరకనిది కూడా అతనికి అందుతుంది.

కార్మికులు తమలో తాము మాట్లాడుకుని కనిపెట్టిన జబ్బులున్నాయి. 1977లో కాలిఫోర్నియా రాష్ట్రం లేథ్రోప్‌లో, నేలలోని నులిపురుగులను చంపే డీబీసీపీ అనే మందు తయారుచేసే కార్మికులు మాటల్లో మాటగా ఒక సంగతి గమనించారు: తమలో చాలామందికి పిల్లలు పుట్టడం లేదు. పట్టుబట్టి పరీక్షలు చేయించుకున్నారు, వీర్యకణాలు తగ్గిపోయాయని తేలింది. రెండేళ్లలో అమెరికాలో ఆ మందు వాడకం చాలావరకు నిషేధించారు. ఫ్యాక్టరీ రికార్డుల్లో ఆ సంగతి ఎందుకు లేదు? ఎవరూ అడగలేదు కాబట్టి. మన దగ్గర ఫ్లోరోసిస్ కథ కూడా ఇలాంటిదే. 1937లో వైద్య పత్రికకు ఎక్కకముందే, 1930ల తొలి ఏళ్లలో నెల్లూరు ప్రాంతపు రైతులు తమ ఎద్దులు కాళ్లు బిగిసి నడవలేకపోతున్నాయని చెప్పారు. చూసినవాడు చెప్పాడు, శాస్త్రం తర్వాత వచ్చి సంతకం పెట్టింది.

"గుర్తుండదు" అన్న అభ్యంతరంలో కొంత న్యాయం ఉంది. ఏ సంవత్సరంలో ఏ విభాగంలో ఎన్ని నెలలు అని అడిగితే ఎవరైనా తడబడతారు, ప్రొఫెసర్లైనా సరే. అడగడం తెలిసినవాళ్లు అంకెలు అడగరు, జీవితంలోని గుర్తులు పట్టుకుని అడుగుతారు. హుద్‌హుద్ వచ్చినప్పుడు ఎక్కడ చేస్తున్నావన్నా? అంటే 2014 అక్టోబర్. లాక్‌డౌన్‌కి ఆ కాంట్రాక్టులోనే ఉన్నావా? అంటే 2020 మార్చి. పెద్దమ్మాయి పెళ్లికి ముందా, తర్వాతా? ఆ ఏడు అప్పన్న చందనోత్సవానికి సెలవు దొరికిందా, నైట్ షిఫ్టు పడిందా? ఇలా ఒక్కో మేకు కొట్టుకుంటూ పోతే ఇరవై ఏళ్ల పని చరిత్ర వరసలో వస్తుంది. ఏ బ్యాటరీ దగ్గర, ఏ కన్వేయర్ కింద, మాస్క్ ఇచ్చారా, ఇస్తే వేడికి పెట్టుకోగలిగాడా అన్నీ వస్తాయి. కాంట్రాక్టరు మస్టర్‌లో ఈ వివరం ఒక్కటైనా ఉంటుందా? ఏ పని చేశాడన్న విషయంలో కార్మికులు చెప్పే చరిత్ర కంపెనీ రికార్డులతో బాగానే సరిపోతుందని వృత్తి ఆరోగ్య పరిశోధనలో పదేపదే తేలింది. ఏ రసాయనం ఎంత మోతాదు అన్నది వాళ్లు చెప్పలేకపోవచ్చు. దాన్ని కొలిచి చెప్పాల్సింది పరిశోధకుడు.

ఒంటరి మనిషి మాటలో హెచ్చుతగ్గులు ఉంటాయనుకునేవాళ్లకు ఇటలీ దారి చూపించింది. ట్యూరిన్ నగరంలో 1960లలో వైద్యుడు ఇవార్ ఒడ్డోనె ఫియట్ కార్మికులతో కలిసి ఒక పద్ధతి రూపొందించారు. ఒకే విభాగంలో ఒకే రకం పని చేసేవాళ్లంతా కూర్చుని, తమకు హాని చేస్తున్నవేమిటో చర్చించి, అందరూ ఒప్పుకున్నదే రాస్తారు. ఫ్యాక్టరీ పటం మీద ప్రమాదాలను గుర్తిస్తారు. ఒకడు ఎక్కువ చెబితే పక్కవాడు సరిదిద్దుతాడు, ఒకడు దాచితే ఇంకొకడు గుర్తుచేస్తాడు. వేడి, ధూళి, చప్పుడు ఎక్కడ ఎక్కువో సింటర్ ప్లాంట్ కార్మికులు పదిమంది గంటసేపు కూర్చుంటే చెప్పేస్తారు. ఆ పటం పట్టుకుని పరికరాలతో వెళ్లి కొలిస్తే, కొలత సరైన చోట పడుతుంది.

"ఇలా అడగడం మొదలుపెడితే భయాందోళనలు రేగుతాయి, యూనియన్లు వాడుకుంటాయి" అనేది చివరి అభ్యంతరం. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ దీనికి జవాబు ఇచ్చేసింది. ప్రమాదకర పరిశ్రమ తన దగ్గరున్న హానికర పదార్థాల వివరాలు కార్మికులకు, చుట్టుపక్కల జనానికి చెప్పి తీరాలంది. కార్మికుడు తన వైద్య రికార్డు చూసుకునే హక్కు ఇచ్చింది. ఆస్‌బెస్టాస్ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు 1995లో ఆరోగ్యం కార్మికుడి ప్రాథమిక హక్కని, అతని ఆరోగ్య రికార్డును ఉద్యోగంలో చేరినప్పటి నుంచి 40 ఏళ్లు, లేదా దిగిపోయాక 15 ఏళ్లు, ఏది తర్వాతైతే అంతవరకు భద్రపరచాలని తీర్పు చెప్పింది. తన ఒంటి గురించి తాను తెలుసుకుంటే భయపడతాడని అనడం మనిషిని పిల్లవాడిగా చూడడం. వెంకటాపురం జనానికి భయం రేగింది తెలిసినందువల్ల కాదు. స్టైరీన్ అన్న పేరే ఆ రాత్రి దాకా చాలామంది వినలేదు. యూనియన్ వాడుకుంటుందన్న భయమైతే, వాడుకోనివ్వండి. నిజం యూనియన్ చేతిలో ఉంటే నిజం కాకుండా పోదు.

సర్వేలన్నీ మంచివని నేను అనడం లేదు. నాసిరకం సర్వేలు కుప్పలు తెప్పలుగా ఉన్నాయి. ఇంటర్నెట్‌లో దొరికిన ప్రశ్నావళిని మక్కికి మక్కి తెలుగు చేసి, ఒక్క కార్మికుడితోనూ సరిచూసుకోకుండా వాడినవి ఉన్నాయి. యాజమాన్యం ఎంచి పంపిన యాభైమందిని అడిగి, "విశాఖ కార్మికుల ఆరోగ్య పరిస్థితి" అని పేరు పెట్టినవి ఉన్నాయి. ఒక్క రోజు అడిగిన జవాబులతో ఫలానా ధూళి వల్లే ఫలానా జబ్బని తేల్చేసినవీ ఉన్నాయి. అవి ఖండించాల్సినవే. కానీ వంట చెడితే వండే తీరు మార్చాలి, అన్నం తినడం మానుకోమని ఎవరూ చెప్పరు.

సరైన తీరు ఏమిటో రహస్యమేమీ కాదు. గేటు బయట అడగాలి. యాజమాన్యం అనుమతి, యూనియన్ అనుమతి మంచివే, కానీ మనిషి సొంత అంగీకారానికి అవి బదులు కావని భారత వైద్య పరిశోధన మండలి 2017 మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. పర్మనెంటువాళ్లతోపాటు కాంట్రాక్టువాళ్లను, పని మానేసినవాళ్లను, చనిపోయినవాళ్ల కుటుంబాలను కలపాలి. ఒడిశా నుంచి, బీహార్ నుంచి వచ్చినవాళ్లను వాళ్ల భాషలోనే అడగాలి. మహిళలను మహిళలే అడగాలి. మరుగుదొడ్డి సౌకర్యం లేదని పనివేళల్లో నీళ్లు తాగడం మానేసే ఆడవాళ్లు ఆ సంగతి మగ అధికారి ముందు చెప్పరు. అదే వయసులో, అదే పేటల్లో, ధూళి లేని పని చేసేవాళ్లనూ అవే ప్రశ్నలు అడిగి పోల్చాలి. పక్కనే గాలిలో ధూళిని కొలవాలి, ఊపిరి పరీక్ష, చెవి పరీక్ష చేయాలి. మళ్లీ ఏడాదికి వెళ్లి అడగాలి. 2022లో రెండు నెలల తేడాతో రెండుసార్లు అచ్యుతాపురం దుస్తుల ఫ్యాక్టరీలో మహిళలు వందల సంఖ్యలో అస్వస్థులయ్యారు. ఆ రోజు వాంతులు, కళ్ల మంటలు ఆసుపత్రి పుస్తకంలోకి ఎక్కాయి. ఆరు నెలల తర్వాత కూడా తలనొప్పి వదలనివాళ్లు ఎందరని తెలియాలంటే వాళ్ల ఇళ్లకు వెళ్లడమే మార్గం.

ఇదంతా అసాధ్యమనేవాళ్లు అలీస్ హామిల్టన్ పేరు గుర్తుపెట్టుకోవాలి. 1910లో అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రం ఆమెను సీసం విషం మీద సర్వే చేయమంది. తమ దగ్గర అలాంటి జబ్బే లేదని యజమానులు చెప్పారు. ఆమె కార్మికుల ఇళ్లకు వెళ్లింది, భార్యలతో మాట్లాడింది, పేటల్లోని మందుల షాపుల్లో ఆరా తీసింది. రికార్డుల్లో లేని రోగులు ఆ ఇళ్లలో దొరికారు. రాష్ట్రం చట్టం చేయాల్సి వచ్చింది. అప్పటికి ఆమె దగ్గర ఫోను రికార్డరు లేదు, కంప్యూటరు లేదు. ఓపిక ఉంది, కార్మికుడి మాట మీద గౌరవం ఉంది.

మనకు ఆంధ్ర వైద్య కళాశాల ఉంది, కేజీహెచ్ ఉంది, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఉంది. సామాజిక వైద్య విభాగాల్లో ఏటా థీసిస్ రాసే విద్యార్థులున్నారు. అహ్మదాబాద్‌లో జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ ఉంది. లేనిది సాధనాలు కావు. వీళ్లందరికీ నా విన్నపం ఒక్కటే. రేవు కార్మికులు, ఉక్కు కార్మికులు, ఫార్మా కార్మికుల మీద దీర్ఘకాలిక అధ్యయనం ఒకటి మొదలుపెట్టండి. కాంట్రాక్టు కార్మికుణ్ణి అందులో మొదటి వరసలో కూర్చోబెట్టండి. దొరికిన ఫలితాలను జర్నల్‌కు పంపే ముందు గాజువాకలో, జ్ఞానాపురంలో, పరవాడలో తెలుగులో చదివి వినిపించండి. ఓపీ చీటీ మీద "చేసే పని" అన్న ఒక గీతను రేపే అచ్చువేయండి, దానికి ఏ కమిటీ అనుమతీ అక్కర్లేదు. కార్మిక సంఘాలు జీతం, బోనస్‌లతోపాటు ఈ సర్వేలను కూడా డిమాండ్ల పట్టికలో చేర్చాలి.

కార్మికుల మాటకు విలువ లేదని ఇక ముందు ఎవరైనా అంటే ఒక్క ప్రశ్న అడగండి: మీరు ఎంతమందిని, ఎక్కడ, ఏ భాషలో, ఎవరి ముందు అడిగారు? జవాబు రాకపోతే, విలువ లేనిది ఎవరి మాటో తేలిపోయినట్టే.